ఎర్రదీపము ఎవరి చేతిలో నున్నది?

చాల ఏండ్ల క్రిందట నల్లగొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితము చెప్పుచుండగా జరిగిన చిన్న సంగతి యొకటి నన్ను నేటికిని విడువలేదు. ఆనాటి పాఠము ఘనపరిమాణములు. పిల్లలకు తెలిసిన వస్తువుతో చెప్పిన బాగుండునని ఊరి చెరువుకట్టను తీసికొంటిని. కట్ట పైవెడల్పు 2 మీటర్లు, అడుగు వెడల్పు 10 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు, పొడవు 100 మీటర్లు. ఎంత మట్టి పట్టును? రెండు వెడల్పులను కూడి, ఎత్తుచేతను పొడవుచేతను గుణించి, వచ్చినదానిని సగము చేయవలెను. ఆ సగము చేయుట నేను మరచితిని. 2,400 ఘనపు మీటర్లు రావలసినచోట 4,800 అని నల్లబల్లమీద వ్రాసితిని. తరగతిలోని పిల్లలందరును తలలు వంచుకొని వ్రాసికొనిరి. పుస్తకములు దిద్దుచు పోగా, వెనుక వరుసలోని ఒక బాలిక 2,400 అని వ్రాసి, దానిని కొట్టివేసి, ప్రక్కన 4,800 అని మార్చుకొనియుండుట కనబడెను.

"నీకు మొదట వచ్చినదే సరియైనది. బోర్డుమీద తప్పు పడినదని నీకు తెలియలేదా?" అని అడిగితిని.

"తెల్సు సారూ" అన్నది.

"మరి ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు రాసిండ్రు గద సారూ!"

ఆ మాటలో భయమెంతో, గౌరవమెంతో విడదీసి చెప్పుట కష్టము. మన దేశములో భయము తరచుగా గౌరవపు వస్త్రములనే కట్టుకొని తిరుగును. నా కట్ట నల్లబల్లమీదిది గనుక ఎవరికిని హాని కలుగలేదు. కాని ఆ బాలిక చెప్పిన సమాధానమునే పెద్దపెద్ద ఇంజనీర్లు వంతెనలకడను, సొరంగములలోను, వ్యోమనౌకల ప్రయోగశాలలలోను మనసులో చెప్పుకొనిన సందర్భములు కలవు. అచ్చట మాత్రము మూల్యము ప్రాణములతో చెల్లింపవలసి వచ్చినది.

నల్లగొండ, పాలమూరు సీమలు మెట్టభూములు. కృష్ణ ప్రక్కనే పారుచున్నను లోయలో పారును. పొలము మీదికి రాదు. అందుచేత ఇచ్చటివారి బ్రదుకు వందల ఏండ్లుగా చెరువుకట్టపై ఆధారపడియున్నది. నల్లగొండ ప్రక్కనున్న పానగల్లు ఉదయసముద్రము కందూరు చోడుల కాలము నాటిది. ఇట్టి చెరువునకు తూము తీయుటకు, మూయుటకు, కట్టను కనిపెట్టియుండుటకు నీరడి యనువాడొకడుండును. ఊరి కొలువులలో అతనిది మిక్కిలి చిన్న కొలువు. దొర యెదుట చెప్పులు విడిచి నిలువవలసిన కాలములో అతడు ఆ కొలువు చేసినాడు.

అయినను వానకాలపు రాత్రి కట్ట వెనుకవైపున బుంగ పడి మట్టినీరు ఉబుకుచున్నదని మొదట కనుగొనువాడు నీరడియే. తెల్లని నీరు ఊరిన భయము లేదు; ఎర్రని నీరు వచ్చిన లోపల మట్టి కొట్టుకొనిపోవుచున్నదని గుర్తు. ఆ గుర్తు కచ్చేరిలో కూర్చున్నవానికి తెలియదు. కట్టమీద నడచువానికే తెలియును. "ఇంత రాత్రి పటేలును లేపవచ్చునా?" అని నీరడి సంశయించిన తెల్లవారుసరికి గండి పడును. పటేలు పొలముకూడ ఆ కట్ట క్రిందిదే గనుక నీరడి మాటను వినక అతనికిని గత్యంతరము లేదు. నిర్ణయము చేయువాడును, అపాయమును చూచువాడును ఒక్క కట్ట క్రిందనే కాపురముండుట చెరువు వ్యవస్థలోని రహస్యము. నిర్మాణములు పెరిగినకొలది ఈ ఇరువురి నడుమ దూరము పెరిగినది. నేను చెప్పబోవు కథలన్నియు ఆ దూరపు కథలే.

1956 సెప్టెంబరు 2వ తేదీన, అనగా మహబూబ్‌నగరము ఇంకను హైదరాబాదు రాష్ట్రములో నుండగా, జడ్చర్లకును మహబూబ్‌నగరమునకును నడుమ రైలువంతెన యొకటి కూలి, రైలు వాగులో పడినది. నూరుమందికి పైగా మరణించిరి. అప్పటి రైల్వేమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి గారు ఆ బాధ్యత తనదే యని రాజీనామా నిచ్చిరి. ప్రధాని నెహ్రూగారు అంగీకరింపలేదు. మూడు నెలలు తిరుగకముందే, నవంబరు 23న తమిళదేశమందలి అరియలూరు దగ్గర అదే రీతిగా వంతెన కొట్టుకొనిపోయి 140 మందికి పైగా చనిపోయిరి. ఈసారి శాస్త్రిగారి రాజీనామా అంగీకరింపబడినది.

ఈ కథను మన పాఠశాలలలో నీతికథగా చెప్పుదుము. చెప్పవలసినదే. తప్పును క్రిందివారిమీదికి నెట్టక తన నెత్తిన వేసికొనిన నాయకుని దగ్గర క్రిందివాడు భయము లేక నిజము చెప్పగలడు. కాని ఆ కథలో రెండవ పాఠమొకటి కలదు. దానిని మనము చెప్పము. మంత్రి రాజీనామా వంతెన కూలిన తరువాత వచ్చునది. వంతెన కూలకముందు రైలును ఆపగలవాడు మంత్రి కాడు. లాంతరు పట్టుకొని వానలో పట్టాల వెంబడి నడచు గ్యాంగుమన్. రైల్వే నియమములలో మెచ్చుకొనదగిన దొకటి కలదు: దారిలో అపాయము కనబడినచో ఎంత చిన్న ఉద్యోగియైనను ఎర్రదీపము చూపి ఎంత పెద్ద బండినైనను ఆపవలెను. బండిలో మంత్రియున్నను సరే, జనరల్ మేనేజరున్నను సరే. అతడు ముందుగా ఎవరి అనుమతియు పొందనక్కరలేదు. అనుమానము అబద్ధమని తేలినను, బండి ఆలస్యమైనదని అతనిని దండించుట న్యాయము కాదు. చదువు తక్కువైన కూలివాని చేతికి అంతటి అధికారము నిచ్చిన ఆ నియమము వెనుక ఎంతో అనుభవమున్నది.

ఇక మన కాలపు సంగతికి వత్తము. నల్లగొండ ప్రజలు ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగి కుమిలిపోయిన చరిత్ర లోకమెరిగినదే. ఆ జిల్లాకు శ్రీశైల జలాశయమునుండి, ఎత్తిపోయు పని లేకుండ, కృష్ణనీటిని పారించవలెనని శ్రీశైలము ఎడమగట్టు కాలువను సంకల్పించిరి. అందుకు నల్లమల కొండల క్రింద దోమలపెంట వైపునుండి అచ్చంపేట ప్రాంతములోని మన్నెవారిపల్లె వరకు సుమారు 44 కిలోమీటర్ల సొరంగము కావలెను. పైన అమ్రాబాదు పులుల అభయారణ్యము. కనుక నడుమ ఎక్కడను బావులు దింపుటకుగాని, ప్రక్కదారులు త్రవ్వుటకుగాని వీలు లేదు. రెండు చివరలనుండి రెండు మహాయంత్రములతో తొలుచుకొనుచు పోవుటయే మార్గము. 2005లో ఒప్పందమైన ఈ పని ఇరువది ఏండ్లకును ముగియలేదు.

2025 ఫిబ్రవరి 22వ తేదీ ఉదయము, దోమలపెంట వైపున, చాలకాలము ఆగిన పని తిరిగి మొదలైన కొలదిరోజులకే, ముఖద్వారమునుండి దాదాపు 14వ కిలోమీటరు దగ్గర సొరంగపు పైకప్పు కూలినది. నీరును, బురదయు ఒక్కుమ్మడిగా వచ్చి యంత్రమును ముంచివేసినవి. పలువురు పరుగెత్తి ప్రాణములు దక్కించుకొనిరి. ఎనిమిదిమంది చిక్కుపడిరి, వారిలో ఇంజనీర్లును, యంత్రచోదకులును, కూలీలును ఉండిరి. అందరును ఉత్తర రాష్ట్రములనుండి పొట్టకూటికై వచ్చినవారే. సైన్యము, నౌకాదళము, జాతీయ విపత్తు దళము, సింగరేణి గనుల రక్షకులు, ఇరుకు బిలములు త్రవ్వుటలో ఆరితేరిన పనివారు వారములతరబడి శ్రమించిరి. ఆ మార్చి నెలలో ఇద్దరి దేహములే లభించినవి.

ఆ ఎనిమిదిమంది భయముచేతనే బలియైరని చెప్పుటకు నాకు అధికారము లేదు. కొండ కడుపులో ఏమున్నదో పూర్తిగా తెలిసికొనుట ఏ శాస్త్రమునకును సాధ్యము కాదు. అయినను ఒక వార్త ఆలోచింపజేయుచున్నది. ప్రమాదము తరువాత పత్రికలలో వచ్చినదానిని బట్టి, 2020లోనే కొండలోనికి తరంగములు పంపి జరిపిన ఒక పరీక్ష, సరిగా ఆ ప్రాంతముననే రాతిలో చీలిక ఉండవచ్చుననియు, నీరు నిండిన బలహీనమైన పొర ఉండవచ్చుననియు తెలిపినది. అనగా ఎర్రదీపము కాగితముమీద నుండెను. కాగితముమీది దీపము దానంతట అది వెలుగదు. దానిని ఎత్తి "ఇక్కడ ఆగుడు" అనగల మనిషి కావలెను. అనిన తరువాత అతని కొలువు నిలువవలెను. సొరంగపు మొనలో నిలిచి, గోడనుండి కారు నీరు నిన్నటికంటె నేడు ఎక్కువైనదని చూచిన కూలివానికి, పని ఆపుమను హక్కు మన దేశములో ఎన్ని సొరంగములలో కలదు? ఊరుకాని ఊరిలో, దినకూలికి వచ్చినవాడు ఎవరితో చెప్పును? ఏ భాషలో చెప్పును? గ్యాంగుమన్ చేతికిచ్చిన దీపమును అతని చేతికెవరిచ్చిరి?

ఇది మన దేశపు జబ్బు మాత్రమే యని అనుకొనరాదు. కెనడాలో క్విబెక్ నగరముకడ సెంటు లారెన్సు నదిపై లోకములోకెల్ల పెద్ద ఉక్కువంతెన కట్టుటకు పూనుకొనిరి. దానికి సలహా ఇంజనీరు థియొడోర్ కూపర్. ఆ కాలపు వంతెనల శాస్త్రములో అతని మాటకు ఎదురు లేదు. నడిమి కమానును 1,600 అడుగులనుండి 1,800 అడుగులకు పెంచిరి. పెరిగిన బరువును సకాలములో మరల లెక్కింపలేదు. ప్రభుత్వపు ఇంజనీరొకడు లెక్కలను వేరుగా పరిశీలింపవలెననగా, కూపర్ అది తనకు అవమానమని భావించెను. ఆ పరిశీలన ఆగిపోయినది. అనారోగ్యముచేత అతడు న్యూయార్కు విడిచి పనిస్థలమునకు రాడు. అతని మాట లేక అక్కడ ఎవరును ఏమియు నిర్ణయింపరు. 1907 ఆగస్టులో క్రింది ఉక్కుదూలములు వంగుచున్నవని నార్మన్ మెక్లూర్ అను యువ ఇంజనీరు కనుగొనెను. అవి మొదటినుండియు అట్లే వంగియున్నవని పెద్దలు కొందరు వాదించిరి. పని ఆపించుటకు అధికారము లేని మెక్లూర్ రైలెక్కి న్యూయార్కు పోయి కూపరుతో చెప్పెను. ఇక బరువు పెట్టవలదని కూపర్ తంతి పంపెను. కాని ఆ తంతి ఫలితము వంతెనకు చేరలేదు. ఆగస్టు 29 సాయంకాలము, పని ముగియు వేళకు వంతెన నదిలో కూలినది. 75 మంది మరణించిరి.

మెక్లూర్ పిరికివాడు కాడు, చూచినది చెప్పినాడు. కాని చెప్పుటకు రైలెక్కి పోవలసి వచ్చినది. నీరడికిని పటేలునకును నడుమ ఒక వీధి దూరము; మెక్లూరునకును కూపరునకును నడుమ వందల మైళ్ల దూరము. ఆ దూరములోనే 75 మంది ప్రాణములు పోయినవి.

ఉపాధ్యాయులు మరువరానిది ఛాలెంజర్ వ్యోమనౌక కథ. 1986 జనవరి 28న అమెరికాలో ఎగిరిన ఆ నౌకలో క్రిస్టా మెకాలిఫ్ అను బడిపంతులమ్మ ఉండెను. ఆకాశమునుండి పిల్లలకు పాఠము చెప్పవలెనని ఆమె పోయినది. నౌకకు ఇరుప్రక్కలనుండు రాకెట్లు ముక్కలుముక్కలుగా చేసి అతికినవి; అతుకులలో వేడివాయువు వెలికి రాకుండ రబ్బరువంటి వలయములుండును. చలిలో అవి బిరుసెక్కి అతుకును మూయలేకపోవచ్చునని, వాతావరణము సుమారు 12 డిగ్రీల సెంటిగ్రేడుకంటె తక్కువైనపుడు ఎగురవేయవలదని రాకెట్లు చేసిన సంస్థ ఇంజనీర్లు ముందునాటి రాత్రి దూరవాణిలో గట్టిగా చెప్పిరి. ప్రయోగము అప్పటికే పలుమార్లు వాయిదా పడియున్నది. పైఅధికారులు విసుగుకొనిరి. సంస్థ యజమాన్యము కొంతసేపు విడిగా ఆలోచించి, ఇంజనీర్ల అభిప్రాయమును ప్రక్కకు నెట్టి, పెద్దలు మాత్రమే సమ్మతి తెలిపి, ప్రయోగమునకు ఒప్పుకొనెను. ఎగిరిన 73 సెకండ్లకు నౌక విచ్ఛిన్నమై ఏడుగురును మరణించిరి. తరువాత విచారణలో శాస్త్రవేత్త రిచర్డు ఫైన్‌మన్ అట్టి వలయపు ముక్కను మంచునీటి గ్లాసులో ముంచి తీసి, అది చలికి సాగుగుణము కోల్పోవుటను అందరి యెదుట చూపెను. పదవ తరగతి పిల్లవాడు చేయగల ప్రయోగమది!

ఆ రాత్రి ఇంజనీర్లు నోరు మూసికొని కూర్చుండలేదు, చెప్పిరి. అయితే వారిపై పడిన ప్రశ్న తలక్రిందులైనది. "ఇది క్షేమమని రుజువు చేయుడు" అనవలసిన పెద్దలు, "ఇది అపాయమని రుజువు చేయుడు" అనిరి. కట్ట తెగునని నీరడి రుజువు చేయవలెనన్న కట్ట తెగువరకు ఆగవలెను గదా!

మన రాష్ట్రములోనే గోదావరిపై మేడిగడ్డ బ్యారేజీ 7వ బ్లాకు స్తంభములు 2023 అక్టోబరు 21న క్రుంగినవి. ప్రణాళికలోను, నమూనాలోను, నాణ్యతా పరిశీలనలోను, నిర్వహణలోను లోపములున్నవని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ తేల్చినది. ఆ తరువాత ఏర్పడిన విచారణ సంఘము ఎదుట ఇంజనీర్లు కొందరు నిర్ణయములు పైనుండి వచ్చినవని చెప్పినట్లు పత్రికలు వ్రాసినవి. దోషి యెవరన్న వాదము న్యాయస్థానములు తేల్చవలసినది. అది ఇచ్చట మనకు అక్కరలేదు. మనకు కావలసిన దొక్కటే: "పైవారు చెప్పిరి" అనుమాట ఇంజనీరు నోట వచ్చినపుడు, నాకు ఆ వెనుక వరుస బాలిక మాట వినవచ్చుచున్నది. మీరు రాసిండ్రు గద సారూ! బాలిక నోట అది అమాయకత్వము. ఇనుమునకు, ఇసుకకు, నీటికి బలమెంతయో చదివి పట్టము పొందినవాని నోట అది మరొకటి.

భయము ఇంతమందిని ఎట్లు మూగలను చేయును? ఎవరును ఎవరిని బెదిరింపనక్కరలేదు. ముందుగా ప్రారంభోత్సవపు తేదీ ప్రకటింపబడును. అటుపిమ్మట ప్రతి సందేహమును ఆలస్యమునకు మారుపేరగును. క్రింది ఉద్యోగి "కూలును" అనినది, పైమెట్టునకు పోవుసరికి "కూలవచ్చును" అగును. ఆపై మెట్టున "పరిశీలింపదగును" అగును. శిఖరమునకు చేరుసరికి "సర్వము సవ్యము" అగును. ప్రతి మెట్టున ఒక్కొక్క మంచి మనిషి ఒక్కొక్క మాటను మెత్తపరచినాడు, అంతే. ఎవడును అబద్ధము చెప్పలేదు. కాని శిఖరముననున్నవానికి నిజము చేరలేదు. ప్రశ్నను సహింపని నాయకుడు క్రిందివారిని మాత్రమే బాధించునని తలతుము. నిజమునకు అతడు తన కన్నులను తానే కట్టుకొనుచున్నాడు.

అయితే ప్రతి సందేహమును నిజము కాదు. అడుగడుగునకు పని ఆపిన నల్లగొండకు నీరెప్పుడు వచ్చును? ఆలస్యము కూడ మనుష్యుల ఎముకలను వంచినదే. కనుక ప్రశ్నించువానికిని ధర్మము కలదు: చూచినది చూచినట్లు చెప్పుట, కొలిచి చెప్పుట, వ్రాసి చెప్పుట. వినువాని ధర్మము వేరు: తన అభిప్రాయమును అందరికంటె కడపట చెప్పుట, లెక్కను సంబంధము లేని మరొకరిచేత సరిచూపించుట, తప్పుగా హెచ్చరించినవానిని సైతము దండింపకుండుట.

ఒక మంచి ఉదాహరణము కూడ కలదు. న్యూయార్కులో 59 అంతస్తుల సిటీకార్పు భవనమునకు నమూనా వేసిన విలియం లమెజ్యూరియర్, 1978లో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న తన చెవిని పడగా లెక్కలు మరల చూచుకొంటినని స్వయముగా చెప్పినాడు. మూలలమీదికి వీచు పెనుగాలికి అతుకులు చాలవని తేలినది. అతడు తన కీర్తి పోవునని దాచలేదు. యజమానులకు చెప్పి, రాత్రులందు ఉక్కు పలకలు అతికించి భవనమును గట్టిపరపించెను. ప్రజలకు మాత్రము ఆ సంగతి 1995 వరకు తెలియనీయలేదు, అది అందరిదోషము. అయినను, విద్యార్థి ప్రశ్నను విని తన లెక్కను తాను శంకించుకొనుట సామాన్యము కాదు.

అట్టి ప్రశ్న పుట్టుచోటు తరగతి గదియే. సొరంగములో నోరు విప్పవలసిన మనిషి ముందుగా మన యెదుట బల్లమీద కూర్చున్నాడు. ఉపాధ్యాయుని తప్పును చూపినందుకు చీవాట్లు తిన్న పిల్లవాడు రేపు ముఖ్య ఇంజనీరు తప్పును చూపునా? చేయి ఎత్తి "సారూ, అది సగము చేయవలెను గద" అని అలవాటుపడినవాడు, పెద్దయైన తరువాత "అయ్యా, ఈ నీరు ఎర్రగా వచ్చుచున్నది" అని చెప్పగలడు.

నేను మరునాడు తరగతిలో నా తప్పును నల్లబల్లమీద మరల వ్రాసి, దానిక్రింద ఆ బాలిక చేతనే సరియైన లెక్క వేయించితిని. ఆమె చేయి వణికినది. సుద్దముక్క రెండుమార్లు విరిగినది. కాని 2,400 అని వ్రాసి తిరిగి చూచునప్పటికి ఆమె ముఖములో భయము లేదు. నాకు తెలిసి మంచి తీర్పు వ్రాయుటకైనను, మంచి ఆనకట్ట కట్టుటకైనను ఆ క్షణముకంటె ముందు మెట్టు వేరొకటి లేదు.